బానెట్ మీది హెచ్‌పీ వేరు, చేలో దిగే హెచ్‌పీ వేరు: ట్రాక్టరుకు తగ్గ పనిముట్టును ఎంచుకోవడం ఎలా?

సంక్షిప్తంగా: ట్రాక్టరు శక్తి మూడు దారుల్లో ఖర్చవుతుంది. లాగడానికి చక్రాల ద్వారా, తిప్పడానికి పీటీఓ (ట్రాక్టరు వెనక నుంచి పనిముట్టును తిప్పే షాఫ్టు) ద్వారా, ఎత్తడానికి హైడ్రాలిక్ ద్వారా. ఒక్కో పనిముట్టు ఒక్కో దారిని అడుగుతుంది. అందుకే ఒకే హెచ్‌పీ ఉన్న ట్రాక్టరు ఒక పనిముట్టుకు చాలి, మరొకదానికి చాలకపోవచ్చు. విశాఖ పరిసరాల్లోని ఎర్ర మెట్టలు, చెరువు కింది బంకమన్ను మడులు, వాలు తోటల్లో చాలాసార్లు ముందుగా తరిగిపోయేది ఇంజిను శక్తి కాదు. చక్రాల పట్టు, ముందు ఇరుసు మీది బరువు.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద, దుక్కి పనిముట్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్ల మీద 18 నుంచి 5కు దిగింది. కొనుగోలు ఆలోచన వాయిదా వేసుకున్నవాళ్లు మళ్లీ లెక్కలు వేయడం మొదలుపెట్టారు. ఆ లెక్కల్లో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఒకటే: ‘ఈ ట్రాక్టరు ఆరడుగుల రోటవేటర్‌ను లాగుతుందా?’

ఈ ప్రశ్నలోనే చిన్న పొరపాటు ఉంది. తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే రోటవేటర్‌ను ట్రాక్టరు లాగదు, తిప్పుతుంది. నాగలిని లాగుతుంది. విత్తనం, ఎరువు నింపిన సీడ్ డ్రిల్‌ను లాగడం కన్నా ఎత్తడమే కష్టం. మూడింటికీ బానెట్ మీది ఒక్క అంకెతోనే జవాబు చెప్పాలని చూస్తే, ఒకటి కుదిరినా మిగతా రెండూ తప్పుతాయి.

విశాఖపట్నం జిల్లాలో ఈ తేడా మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన విభజనతో చెరకు మండలాలు అనకాపల్లి జిల్లాలోకి, ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. విశాఖ జిల్లాలో సాగు ప్రధానంగా పద్మనాభం, ఆనందపురం, భీమునిపట్నం, పెందుర్తి మండలాల్లో మిగిలింది. అయినా ఒకే గ్రామ పరిధిలో చెరువు కింద వరి మడి, దాని పైన ఎర్ర గరపలో కూరగాయలు, ఆ పైన వాలులో జీడి తోట ఉండటం ఇక్కడ మామూలే. కిరాయి ట్రాక్టరు ఒక్కటే రోజులో ఈ మూడు నేలల్లోనూ తిరుగుతుంది.

అంకె ఎక్కడ తరుగుతుంది

75 కిలోల బరువును సెకనుకు ఒక మీటరు చొప్పున ఎత్తగలిగే శక్తి ఒక హార్స్‌పవర్. దుక్కి భాషలో చెప్పాలంటే, ఒక జత ఎడ్లు పూటంతా నిలకడగా ఇచ్చే శక్తి ఇంచుమించు ఇంతే. ఈ లెక్కన 45 హెచ్‌పీ ట్రాక్టరంటే 45 జతల ఎడ్లు కావాలి. కానీ నాగలి దగ్గరికి వచ్చేసరికి అందులో సగం జతలే మిగులుతాయి.

కంపెనీ చెప్పే హెచ్‌పీ ఇంజిను దగ్గర కొలిచింది. అక్కడి నుంచి గేర్ల రాపిడి దాటుకుని పీటీఓ షాఫ్టు దాకా వచ్చేది సుమారు 85 నుంచి 90 శాతం. 45 హెచ్‌పీ ట్రాక్టరుకు పీటీఓ దగ్గర 38 నుంచి 40 దొరుకుతుంది. చక్రాల దారి ఇంతకన్నా కష్టమైనది. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, ఇరుసు దాటాక టైరు మట్టిలో కొంత జారుతుంది, కొంత దిగబడుతుంది. దున్నిన మెత్తటి నేలలో లాగే శక్తిగా మిగిలేది ఇంజిను శక్తిలో సగం, మహా అయితే అరవై శాతం.

అందువల్ల షోరూములో అడగాల్సిన మొదటి అంకె ఇంజిను హెచ్‌పీ కాదు, పీటీఓ హెచ్‌పీ. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955 నుంచి ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి ఇచ్చే నివేదికల్లో పీటీఓ శక్తి, లాగే శక్తి, హైడ్రాలిక్ ఎత్తే బరువు విడివిడిగా ఉంటాయి. కరపత్రంలో పెద్ద అక్షరాలతో అచ్చయ్యే అంకె కన్నా ఆ నివేదికలో చిన్న అక్షరాల పట్టికే కొనేవారికి ఉపయోగం. మన రాష్ట్రంలో అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంతానికి ఇలాంటి శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది.

ఎత్తు కూడా శక్తిని తింటుంది. టర్బో లేని డీజిల్ ఇంజిను సముద్రమట్టం నుంచి పైకి వెళ్లేకొద్దీ ప్రతి వంద మీటర్లకు సుమారు ఒక శాతం చొప్పున బలం కోల్పోతుంది. గాలి పలచబడి, సిలిండరులోకి వెళ్లే ప్రాణవాయువు తగ్గడమే కారణం. భీమిలి తీరంలో పూర్తి బలంతో నడిచే ఇంజిను దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్న అరకు లోయకు వెళ్తే 8, 9 శాతం తగ్గుతుంది. మైదానంలో అంచున నెట్టుకొచ్చిన ట్రాక్టరు-పనిముట్టు జోడీ అక్కడ పొగ కక్కుతుంది. వేసవి దుక్కుల్లో ఎర్ర దుమ్ముతో నిండిన ఎయిర్ ఫిల్టర్ చేసేదీ ఇలాంటి పనే. అయితే ఎత్తు వల్ల పోయిన శక్తి అక్కడున్నంతసేపూ తిరిగి రాదు, ఫిల్టర్ వల్ల పోయింది అది శుభ్రం చేస్తే తిరిగి వస్తుంది.

లాగే పని: బలం ఉన్నా పట్టు లేకపోతే

రెక్క నాగలిని ఉదాహరణగా తీసుకుంటే లెక్క సులువుగా బోధపడుతుంది. రెండు రెక్కలు, ఒక్కొక్కటి 30 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు అనుకుంటే నాగలి ఒకేసారి కోసే మట్టి అడ్డుకోత 1,200 చదరపు సెంటీమీటర్లు. పదును (దుక్కికి తగిన తేమ) మీదున్న తేలికపాటి ఎర్ర నేల చదరపు సెంటీమీటరుకు 0.3 కిలోల చొప్పున ఎదురు నిలిచిందనుకుంటే నాగలిని లాగడానికి 360 కిలోల బలం కావాలి. అదే నాగలిని ఎండి గట్టిపడిన చెరువు మన్నులో దింపి, అక్కడి నిరోధం 0.8 కిలోలు అనుకుంటే 960 కిలోలు కావాలి. నాగలి మారలేదు, లోతు మారలేదు. మట్టి, తేమ మారేసరికి బరువు రెండున్నర రెట్లు దాటింది.

ఇప్పుడు శక్తి లెక్క. గంటకు 4 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 1.11 మీటర్లు. లాగే బలాన్ని వేగంతో గుణించి 75తో భాగిస్తే హెచ్‌పీ వస్తుంది. ఎర్ర నేలలో ఐదున్నర కూడా కాదు. ఎండిన బంకమన్నులో 14 దాకా. 45 హెచ్‌పీ ట్రాక్టరు లాగే శక్తి 22 పైనే ఉంటుంది కాబట్టి కాగితం మీద రెండు చోట్లా తేలిగ్గా లాగాలి.

చేలో మాత్రం రెండో చోట బండి కదలదు. ఇంజిను ఆగదు, చక్రం తిరుగుతూనే ఉంటుంది, టైరు కింద గుంట పడుతుంది. కారణం బరువు. రెండు చక్రాలతో లాగే ట్రాక్టరు మొత్తం బరువు 1,900 కిలోలు, దున్నేటప్పుడు వెనక చక్రాల మీద అందులో 1,300 కిలోలు పడుతున్నాయనుకుంటే, ఒక మాదిరి గట్టి నేలలో ఆ చక్రాలు అందుకోగల లాగుడు ఆ బరువులో సగం, అంటే 650 కిలోల చుట్టూ ఉంటుంది. కావలసింది 960. ఇక్కడ 45 హెచ్‌పీకి బదులు 55 హెచ్‌పీ ఇంజిను పెట్టినా, బరువు మారకపోతే గుంట మరింత వేగంగా పడుతుంది తప్ప నాగలి కదలదు.

పట్టు పెంచడానికి ఉన్న మార్గాల్లో చవకైనది వెనక టైర్లలో నీళ్లు నింపడం. 13.6-28 సైజు టైరులో ముప్పాతిక వంతు నింపితే దాదాపు 200 లీటర్లు పడతాయి. రెండు చక్రాలకు కలిపి 400 కిలోలు. దీనికి హైడ్రాలిక్‌లోని డ్రాఫ్ట్ కంట్రోల్ తోడవుతుంది. నేల గట్టిపడి నాగలి మీద ఒత్తిడి పెరగ్గానే అది నాగలిని కాస్త పైకి లేపి, ఆ బరువును వెనక చక్రాల మీదికి మళ్లిస్తుంది. ట్రాక్టరు ఇంజినీరు హారీ ఫెర్గుసన్, పనిముట్టును బండి వెనక మూడు చోట్ల తగిలించే మూడు పాయింట్ల లింకేజీతో తేలిక ట్రాక్టరు చేత బరువు పని చేయించగలిగింది ఈ కిటుకుతోనే. చాలా బళ్లలో ఈ లివరు కొన్ననాటి స్థానంలోనే ఉండిపోతుంది. డ్రైవరు నాగలిని చేత్తోనే ఎత్తుతూ దించుతూ నడిపిస్తాడు. డబ్బు పోసి కొన్న సౌకర్యాల్లో ఇంత తక్కువగా వాడేది మరొకటి ఉండదేమో.

ఇవేవీ చాలకపోతే లోతు తగ్గించాలి. 20 సెంటీమీటర్ల బదులు 15కు వస్తే 960 కాస్తా 720 అవుతుంది. లేదా వాన పడి పదును వచ్చేదాకా ఆగాలి. పదును చూసి దుక్కి పెట్టాలన్న పాత లెక్క ఎడ్ల కోసం పుట్టినా, ట్రాక్టరు డీజిలుకూ అదే వర్తిస్తుంది.

చక్రం ఎంత జారుతోందో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. వెనక టైరు పక్కన సుద్దతో ఒక గీత గీయాలి. నాగలిని ఎత్తి పట్టి, దున్నబోయే నేల మీదే చక్రం పది చుట్లు తిరిగేలా నడిపి, మొదలు, చివర పుల్లలు పాతాలి. తర్వాత అదే దూరాన్ని నాగలి దించి నడుపుతూ చుట్లు లెక్కపెట్టాలి. పదకొండున్నర వస్తే జారుడు 13 శాతం. రెండు చక్రాలతో లాగే బండికి దుక్కి నేలలో 10 నుంచి 15 శాతం మంచి హద్దు. పదమూడు చుట్లు వస్తే 23 శాతం. అంటే చక్రానికి చేరిన శక్తిలో నాలుగో వంతుకు దగ్గరగా టైరు రబ్బరును అరగదీయడానికే పోతోంది. 8 శాతం కన్నా తక్కువ వస్తే బండి అవసరానికి మించిన బరువు మోస్తున్నట్టు. ఆ బరువును చేలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పడానికీ డీజిలే కాలాలి, పైగా నేల అణిగిపోతుంది.

తొమ్మిది దంతెల కల్టివేటర్ సాధారణంగా 35 నుంచి 45 హెచ్‌పీకి, పదకొండు దంతెలది 45 నుంచి 55కు సరిపోతుందని చెప్పే పట్టికలన్నీ ఒక మాదిరి నేల, ఒక మాదిరి పదును లెక్కలో పెట్టుకుని వేసినవే. కల్టివేటర్‌లో ఒక వెసులుబాటు ఉంది. బరువైతే అటొకటి ఇటొకటి దంతె విప్పేయవచ్చు. నాగలికి ఆ వీలు తక్కువ, రోటవేటర్‌కు అసలు లేదు.

తిరిగే పని: వెడల్పు పెరిగితే ఎకరాలు తగ్గవచ్చు

రోటవేటర్ ఇంతగా వ్యాపించడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. దాని శక్తి చక్రాల మీదుగా రాదు, పీటీఓ షాఫ్టు మీదుగా నేరుగా బ్లేడ్లకు వెళ్తుంది. పైగా బ్లేడ్లు ట్రాక్టరు చక్రాలు తిరిగే వైపే తిరుగుతూ మట్టిని వెనక్కి తన్నుతాయి కాబట్టి బండిని కొంచెం ముందుకే తోస్తాయి. నాగలి దగ్గర ఉన్న జారుడు సమస్య ఇక్కడ చాలావరకు ఉండదు. బరువు తక్కువగా ఉన్న ట్రాక్టరు తన ఇంజిను శక్తిలో ఎక్కువ వాటాను మట్టికి అందించగలిగేది ఈ పనిముట్టుతోనే.

అయితే పట్టు అడ్డు తొలగిపోవడంతో ఇంజిను మీది బరువు దాచుకోవడానికి చోటు లేకుండా పోతుంది. నాగలి బరువెక్కితే చక్రం జారి ఇంజినును కాపాడుతుంది. రోటవేటర్ బరువెక్కితే ఇంజినే దాన్ని భరించాలి. మామూలుగా అనుసరించే కొలతల ప్రకారం నాలుగడుగుల రోటవేటర్‌కు 30 నుంచి 35, ఐదడుగులకు 40 నుంచి 45, ఆరడుగులకు 45 నుంచి 50, ఏడడుగులకు 55 చుట్టూ లేదా ఆపైన హెచ్‌పీ కావాలి. చిక్కంతా అంచుల్లోనే. 45 హెచ్‌పీకి ఐదడుగులదీ సరిపోతుంది, ఆరడుగులదీ సరిపోతుందని పట్టిక చెబుతుంది. ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది కాబట్టి పెద్దదాని వైపే మనసు మొగ్గుతుంది.

ఆరడుగులది ఎక్కువ నేల చేస్తుందన్న నమ్మకాన్ని లెక్కతో చూడవచ్చు. ఐదడుగుల రోటవేటర్ (1.5 మీటర్లు) గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నడుస్తూ, మలుపులకూ ఆగడానికీ నాలుగో వంతు సమయం పోతే, గంటకు 0.83 ఎకరం అవుతుంది. ఆరడుగులది (1.8 మీటర్లు) అదే వేగంతో నడవగలిగితే ఎకరం పూర్తవుతుంది. కానీ బంకమన్నులో ఇంజిను నీరసించి గేరు దించాల్సి వచ్చి, వేగం 2.4 కిలోమీటర్లకు పడితే గంటకు 0.80 ఎకరమే. అడుగు వెడల్పు పెరిగింది, పని తగ్గింది. చిన్న మడుల్లో మలుపుల సమయం నాలుగో వంతుతో ఆగదు కాబట్టి రెండింటి పనీ ఇంకా తగ్గుతుంది.

ఇంజిను నీరసిస్తోందని తెలియడానికి చెవి చాలు. బరువు పడగానే ఇంజిను చప్పుడు ఒక్కసారి దిగి, ఇంజిను వేగాన్ని నిలిపే గవర్నరు డీజిలు పెంచగానే మళ్లీ తేరుకుంటే పర్వాలేదు. దిగిన చప్పుడు దిగినట్టే ఉండి, సైలెన్సరు నుంచి నల్ల పొగ తెగకుండా వస్తుంటే ఆ జోడీ ఆ నేలకు తగలేదన్నమాట. లోపలికి వెళ్తున్న డీజిలంతా కాలడానికి చాలినంత గాలి అందడం లేదని ఆ పొగకు అర్థం.

దీనికి తోడు ఇంకో అలవాటు నష్టం చేస్తుంది. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరగాలంటే ఇంజిను ఎంత వేగంతో ఉండాలో ప్రతి ట్రాక్టరు పుస్తకంలో రాసి ఉంటుంది. అది 1,800 అనుకుంటే, డీజిలు ఆదా కోసం ఇంజినును 1,400 దగ్గర ఉంచిన డ్రైవరుకు పీటీఓ 420 చుట్లే ఇస్తుంది. బ్లేడ్లు నెమ్మదిస్తాయి, ఒక్కో బ్లేడు పెద్ద గడ్డను తవ్వాల్సి వస్తుంది, పెళ్లలు మిగులుతాయి, రెండోసారి తిప్పాల్సి వస్తుంది. ఆదా చేయదలిస్తే కొన్ని మోడళ్లలో ఉన్న ఎకానమీ పీటీఓను వాడుకోవచ్చు. తక్కువ ఇంజిను వేగంతోనే అది 540 ఇస్తుంది. కానీ అది తేలిక పనులకే. అంత తక్కువ వేగంలో ఇంజిను ఇచ్చే మొత్తం శక్తి తక్కువ.

పెద్ద రోటవేటర్, పాత ట్రాక్టరు, రాయి ఉన్న నేల మూడూ కలిసిన చోట షాఫ్టు దగ్గరి షియర్ బోల్టు తరచూ తెగుతుంది. తెగడం దాని పని. రాయి తగిలినప్పుడు ఆ దెబ్బ గేర్లకు చేరకుండా అది తెగి అడ్డుపడాలి. రెండుసార్లు తెగగానే దాని స్థానంలో గట్టి ఉక్కు బోల్టు బిగించేవాళ్లున్నారు. ఆ తర్వాత తెగేది రోటవేటర్ గేరు పన్ను, లేదా ట్రాక్టరు పీటీఓ షాఫ్టు. బరువెక్కినప్పుడు జారిపోవాల్సిన స్లిప్ క్లచ్చును కదలకుండా బిగించేసినా ఇదే ఫలితం.

రోటవేటర్ మీద ఉన్న మరో ఫిర్యాదు హెచ్‌పీకి సంబంధించినది కాకపోయినా ఎంపికను మారుస్తుంది. ఏటా అదే 10, 12 సెంటీమీటర్ల లోతులో తిరగడం వల్ల దాని కింద గట్టి పొర ఏర్పడుతుంది. వరి మడిలో ఆ పొర మేలే చేస్తుంది, నీటిని నిలుపుతుంది. వరి తర్వాత వేసే పెసర, మినుము వేర్లకు మాత్రం అదే అడ్డుగోడ. రెండు మూడేళ్లకోసారి వేసవిలో లోతు దుక్కి పెట్టి ఆ పొరను పగలగొట్టాలంటే మళ్లీ నాగలి కావాలి, అంటే పట్టు, బరువు ఉన్న ట్రాక్టరు కావాలి. రోటవేటర్‌ను మాత్రమే దృష్టిలో పెట్టుకుని కొన్న తేలిక బండి ఈ ఒక్క పని దగ్గర చేతులెత్తేస్తుంది.

ఎత్తే పని: ముందు చక్రాలు తేలినప్పుడు

ట్రాక్టరు హైడ్రాలిక్ 1,500 కిలోలు ఎత్తుతుందని ఉంటే, అది లింకు చేతుల చివర కొలిచిన బరువు. పనిముట్టు బరువంతా అక్కడే ఉండదు, ఇంకా వెనక్కి ఉంటుంది. కావడి కొమ్ము పొడవైనకొద్దీ భుజం మీద భారం పెరిగినట్టు, వెనక్కి జరిగినకొద్దీ ఎత్తగలిగే బరువు తగ్గుతుంది.

అయినా ఆరడుగుల రోటవేటర్ బరువు అయిదు వందల కిలోల లోపే కాబట్టి ఎత్తలేకపోవడం అరుదు. అసలు ముప్పు ముందు ఇరుసు దగ్గర. 450 కిలోల పనిముట్టు బరువు వెనక ఇరుసుకు ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉందనుకుందాం. ముందు, వెనక ఇరుసుల మధ్య 2 మీటర్లుంటే, దాన్ని ఎత్తగానే ముందు చక్రాల మీది బరువు దాదాపు 340 కిలోలు తగ్గుతుంది. 1,900 కిలోల బండిలో ముందు ఇరుసు మీద మొదట 720 కిలోలు ఉంటే మిగిలేది 380. స్టీరింగ్ మాట వినాలంటే ట్రాక్టరు బరువులో కనీసం 20 శాతం ముందుండాలన్న జాగ్రత్తకు ఇది సరిగ్గా అంచు. సమతల నేల మీద గడిచిపోతుంది. మడి గట్టు ఎక్కేటప్పుడు, ఆనందపురం వైపు వాలు తోటల్లో ఎగువకు నడిపేటప్పుడు ఆ 380 కూడా ఉండదు. స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా పోతున్నదంటే ముందు చక్రాలు నేలను వదిలేస్తున్నాయన్నమాట. ముందు బంపరుకు తగిలించే ఇనుప దిమ్మలు ఇందుకోసమే. వాలు ఎక్కేటప్పుడు పనిముట్టును అవసరానికి మించి పైకి లేపకపోవడం దిమ్మల కన్నా చవక.

దమ్ములో లెక్క తిరగబడుతుంది

మెట్టలో బరువు ఎంత మేలో, దమ్ములో అంత చేటు. ఖరీఫ్ నాట్లకు చెరువు కింది మడిని దమ్ము చేసేటప్పుడు, అంటే నీళ్లు పెట్టి బురదగా కలిపేటప్పుడు, టైరు కింద పట్టు దొరికే నేలే ఉండదు. అందుకే వెనక టైర్ల పక్కన ఇనుప దమ్ము చక్రాలు బిగిస్తారు. ఇవి అడుగున గట్టి పొర మీద ఆనుకుని బండిని నెడుతూ, అదే సమయంలో బురదను కలుపుతాయి. ఇక్కడ చక్రమే పనిముట్టు. పెద్ద ఇంజినున్న బరువైన ట్రాక్టరు ఈ పొరను చీల్చుకుని దిగబడితే దాన్ని బయటికి లాగడానికి మరో ట్రాక్టరు రావాలి. పొర చిల్లు పడిన చోట ఆ ఏడాదంతా నీరు నిలవదు. మెట్ట దుక్కికని టైర్లలో నింపిన నీళ్లు తీయకుండానే మడిలోకి దిగే బళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ.

కాబట్టి దమ్ముకు 35 నుంచి 40 హెచ్‌పీ తేలిక ట్రాక్టరు 50 హెచ్‌పీ బరువు ట్రాక్టరు కన్నా మెరుగ్గా నడవడం వింతేమీ కాదు. నాలుగు చక్రాలూ లాగే బండికి బురదలో స్పష్టమైన ఆధిక్యం ఉంటుంది, ఎందుకంటే తక్కువ బరువుతోనే ఎక్కువ పట్టు దొరుకుతుంది. దమ్ము చక్రాలు ఇరుసు చివర వేలాడుతూ బేరింగుల మీద అదనపు ఒత్తిడి తెస్తాయి. బురద నీరు సీళ్లలోకి దూరితే గేర్‌బాక్సు నూనె పాల రంగుకు తిరుగుతుంది. ఆ రంగు కనిపించిన రోజే నూనె మార్చాలి.

ట్రక్కు: లాగడం సులువు, ఆపడం కష్టం

లోడుతో ఐదు టన్నుల ట్రక్కు (ట్రాక్టరు వెనక కట్టే ట్రాలీ), రెండు టన్నుల ట్రాక్టరు కలిపి ఏడు టన్నులు. చదును తారురోడ్డు మీద దీన్ని గంటకు 15 కిలోమీటర్ల వేగంతో లాగడానికి 12 హెచ్‌పీ చాలు. నూటికి ఎనిమిది ఎత్తు లేచే వాలు వస్తే అదే వేగానికి 43 హెచ్‌పీ కావాలి. గేరు దించి 6 కిలోమీటర్లకు వస్తే 17తో సరిపోతుంది. కాబట్టి ఎక్కడానికి చిన్న ఇంజినైనా ఓపికతో ఎక్కుతుంది. దిగేటప్పుడు ఏడు టన్నులనూ రెండు టన్నుల బండి బ్రేకులే పట్టాలి. ట్రక్కు ఎంపికలో చూడాల్సింది హెచ్‌పీ కాదు, బ్రేకులూ ట్రాక్టరు సొంత బరువూ.

యాభై గీత, కిరాయి లెక్క

బజారులో 45 నుంచి 50 హెచ్‌పీ మధ్య మోడళ్లు కిక్కిరిసి ఉండటానికి రైతు అవసరం ఒక్కటే కారణం కాదు. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి. వాటిని అందుకోవడానికి ఇంజినులో ఖరీదైన మార్పులు అవసరమయ్యాయి, ధర పెరిగింది. ఆ గీతకు కొద్దిగా దిగువన ఆగిపోవడం కంపెనీలకు, కొనేవారికి కూడా అనుకూలమైంది. పనిముట్ల వెడల్పు మాత్రం ఆ గీతను పట్టించుకోకుండా పెరుగుతోంది. ఏడడుగుల రోటవేటర్‌కు 49 హెచ్‌పీ బండిని జత చేసే ధోరణికి మూలం ఇక్కడ ఉంది.

రెండో కారణం కిరాయి పద్ధతి. సొంత ట్రాక్టరు లేని చిన్న రైతులు కిరాయి బళ్ల మీదా, యంత్రాలు అద్దెకిచ్చే కస్టమ్ హైరింగ్ కేంద్రాల మీదా ఆధారపడతారు. కిరాయి గంటల లెక్కన ఉంటే నీరసించిన జోడీ వల్ల జరిగే ఆలస్యం రైతు జేబుకు తగులుతుంది, బండి యజమానికి తొందర ఉండదు. ఎకరా లెక్కన ఉంటే నష్టం యజమానిది. అప్పుడు డ్రైవరు వేగం నిలుపుకోవడానికి లోతు తగ్గిస్తాడు. పైకి మట్టి గుల్లగా కనిపిస్తుంది, కర్ర గుచ్చితే నాలుగంగుళాలకు మించి దిగదు. రెండు పద్ధతుల్లోనూ జోడీ తప్పు ఖర్చును చివరికి చేనే భరిస్తోంది. ఎకరా లెక్కన మాట్లాడుకునేవారు లోతునూ ముందే మాట్లాడుకుంటే సగం తగాదా తీరుతుంది.

చిన్న పనిముట్టుకు పెద్ద బండి

తక్కువ శక్తితో పెద్ద పనిముట్టు అందరికీ కనిపించే పొరపాటు. దీనికి వ్యతిరేకమైనది అంతగా కనిపించదు. 50 హెచ్‌పీ ట్రాక్టరు వెనక నాలుగడుగుల పనిముట్టు కడితే ఇంజిను హాయిగానే ఉంటుంది, కానీ వెనక చక్రాల అచ్చు వెడల్పు నాలుగడుగులను దాటి ఉంటుంది కాబట్టి ఒక చక్రం తొక్కిన నేల తొక్కినట్టే మిగిలిపోతుంది. జీడి, మామిడి తోటల్లో వేరుకో బండకో తగిలినప్పుడు చిన్న ట్రాక్టరు ఆగిపోతుంది, పెద్దది ఆగకుండా లాగి పనిముట్టు చట్రాన్ని వంచేస్తుంది. కొమ్మల కింద, వరసల మధ్య తిరగాల్సిన చోట 20 నుంచి 30 హెచ్‌పీ మినీ ట్రాక్టరు, దానికి తగ్గ మూడు నాలుగు అడుగుల రోటవేటర్ చేసే పనిని పెద్ద బండి చేయలేదు. పెద్ద బండే ఉన్నవారు తేలిక పనులకు గేరు పెంచి, ఇంజిను వేగం తగ్గించి నడిపితే డీజిలు కొంత మిగులుతుంది. పీటీఓ పనిముట్లకు మాత్రం ఈ చిట్కా పనికిరాదు.

కొనే ముందు ప్రదర్శన అడిగితే డీలర్లు సాధారణంగా ఒప్పుకుంటారు. బండిని తెచ్చి ఆడించేది ఎక్కువగా రోడ్డు పక్కన, పదును మీదున్న ఎర్ర గరపలో. అక్కడ అన్ని జోడీలూ నెగ్గుతాయి. ఆ బండి ఏడాదిలో ఎక్కువ రోజులు పనిచేయబోయే నేల చెరువు కింద ఉంటే ప్రదర్శనా అక్కడే జరగాలి. పనిముట్టును కోరిన లోతుకు దింపి, పీటీఓకు చెప్పిన ఇంజిను వేగం పెట్టి, ఆగకుండా పావుగంట నడిపించాలి. సుద్ద గీత చుట్లు ఒకరు లెక్కపెట్టాలి, ఇంకొకరు సైలెన్సరు వైపు చూస్తూ నిలబడాలి.